తిరిగి రాని సవారి

మిల్లు భోంగా మోగిందంటే భవానీ పేట్ సందుల్లో సైకిలు గంటల చప్పుడు తప్ప మరేమీ వినబడేది కాదని మా నాయన చెప్పేవాడు. ఆ బండ్ల మీద నూలు కట్టలు, టవళ్ల మూటలు, ముందు కడ్డీ మీద పిల్లవాడు. ఈ మాసం ఒక సైకిలు మనిషి సంగతి చెప్పుదామని కూర్చున్నాను.

అతని పేరు ఫ్రాంక్ లెంజ్. ఊరు అమెరికాలో పిట్స్‌బర్గ్. నాలాగే లెక్కలు రాసే గుమస్తా. (లెక్కల పుస్తకం ముందు కూర్చున్నవాని చూపు కిటికీ వైపే ఉంటుంది. ఇది నేను అనుభవం మీద చెప్పే మాట.) ముందు చక్రం మనిషెత్తు ఉండే పాత బండి మీద మొదట పేరు తెచ్చుకున్నాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. రెండు చక్రాలు సమానంగా ఉండి, గాలి టైర్లతో నడిచే కొత్త బండి ఎంత దూరమైనా పోగలదని లోకానికి చూపాలని అతనికి పట్టుదల కలిగింది. 1892లో పాతికేళ్ల వయసున ఉద్యోగం వదిలి భూమండలం చుట్టడానికి బయలుదేరాడు. ‘ఔటింగ్’ అనే మాసపత్రిక అతన్ని పంపింది. దారి పొడుగునా వ్రాతలు, ఫోటోలు తీసి పంపాలని ఒప్పందం.

అమెరికా దాటి, జపాను చూసి, చైనాలో దిగాడు. అక్కడ తంతి స్తంభాల వెంట పడమటికి నడిచాడు. కొన్ని ఊళ్లలో జనం రాళ్లు విసిరారు. కొండ దారులలో బండి మనిషిని మోయలేదు, కూలీలే బండిని మోసారు. కొండలెక్కడానికని వేరే సైకిళ్లు రావడానికి ఇంకా ఎనభై ఏళ్లు ఉన్నాయి మరి! బర్మాలో జ్వరం పడి లేచాడు. 1893లో కలకత్తా చేరి, గ్రాండ్ ట్రంక్ రోడ్డు పట్టుకొని ఢిల్లీ, లాహోరు మీదుగా కరాచీకి పోయాడు. మన దక్కను వైపు రాలేదు. వచ్చి ఉంటే మన తాతల తండ్రులెవరో మగ్గం ఆపి చూసేవారేమో!

కరాచీ నుంచి ఓడలో పర్షియా చేరాడు. 1894 మే నెలలో తబ్రీజ్ దాటి తుర్కీలోని ఎర్జురూమ్ దిక్కు బయలుదేరాడు. ఎర్జురూమ్ చేరనే లేదు.

ఇక్కడ నాకు మనసు కలుక్కుమన్న విషయం ఒకటున్నది. అతని వ్రాతలు అచ్చుకు రావడానికి చాలా నెలలు పట్టేది. కనుక మనిషి మాయమైన తరువాత కూడా పత్రికలో అతడు నెలనెలా సైకిలు తొక్కుతూనే ఉన్నాడు. పిట్స్‌బర్గ్‌లో తల్లి ఉత్తరం కోసం చూస్తున్నది. ఆమె ఆ పేజీలు ఎట్లా చదివిందో ఊహించుకోండి.

1895లో విలియం సాక్ట్‌లెబెన్ అనే మరో సైకిలు యాత్రికుణ్ణి పత్రికవాళ్లు వెతకడానికి పంపించారు. అప్పుడు ఆ సీమలో ఆర్మీనియన్ల ఊచకోత జరుగుతున్నది. సాక్ట్‌లెబెన్ ఒక కుర్దు నాయకుని మీద హత్యానుమానం పెట్టుకున్నాడు. జైలు పాలైన వారిలో ఆర్మీనియన్లు ఉన్నారు. తుర్కీ ప్రభుత్వం చివరకు తల్లికి నష్టపరిహారం ఇచ్చింది. శవం మాత్రం దొరకలేదు. లెంజ్‌ది సాహసమే, కాదనను. కాని తల్లిని తలచుకుంటే నాకు అతని మీద కోపం కూడా వస్తుంది.

దానికి కారణం మా ఇంట్లోనే ఉన్నది. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న వరస, పవర్‌లూమ్ పనికని భివండికి పోయాడు. నేనప్పుడు బడి పిల్లవాణ్ణి. అతని సైకిలు నాకిచ్చి, “గాలి చూసుకుంటుండు, తమ్మీ” అన్నాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి. పెద్దమ్మకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. మూడోది రాలేదు. పెదనాన్న రెండుసార్లు పోయి వెతికి వచ్చాడు. కొంతకాలం తరువాత పెద్దమ్మ ఆ పాత ఉత్తరాలే మళ్లీ చదవమనేది. నేను కొత్తవి చదివినట్టే చదివేవాణ్ణి. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సైకిలు ఇంకా మా మెట్ల కింద ఉన్నది. ఏటా నార్లీ పున్నమికి మార్కండేయ రథం వచ్చే ముందు పెద్దమ్మ, “గాలి కొట్టినావా?” అని అడుగుతుంది. కొట్టే పెడతాను.