గోండుల ముఖములు, లండను పెట్టెలు

ఎనుబది యేండ్ల క్రిందట ఆదిలాబాదు గోండులు తమ పెర్సాపేనును కొలిచిన తీరు కన్నులార చూడగోరు తెలుగువాడు లండను వంక చూడవలసియున్నది. ఆస్ట్రియా దేశీయుడగు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు తీసిన ఛాయాచిత్రములు వేలకొలదిగా అచ్చటి ప్రాచ్య ఆఫ్రికా విద్యాలయమున భద్రముగా నున్నవి.

ఆయన యేల వచ్చెనో మఱవరాదు. 1940లో జోడేఘాటున కుమురం భీము నిజాము పోలీసుల తూటాలకు నేలకొరగెను. గోండుల కడుపుమంటకు కారణ మేమో కనుగొనుమని ఆ పిమ్మట ప్రభుత్వము ఈయనను పంపినది. తుపాకి పోయిన త్రోవనే కెమెరాయు పోయినది. అట్టివాని యెడల జాతీయవాదులకు సందేహము పుట్టుట సహజమే.

అయినను ఆయన చేసినది చూడుడు. భార్య బెట్టీతో మార్లవాయిలో కాపురముండి గోండీ నేర్చెను. ఇనుప ములుకును, చామరమును వేల్పుగా కొలుచువారిని చూచి పట్టణవాసులు నవ్వుచుండగా, ఆ వేల్పు కథను ప్రధానుల నోట విని వ్రాసికొని, 1948లో రాజగోండులపై గ్రంథము వెలువరించెను. 1943లో మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణకు ఏర్పాటయ్యెను. భూములకు పట్టాలిప్పించుటకును ఆయన పాటుపడెను. బొమ్మ తీసినవాడు పట్టా కొఱకును నిలిచెను. మాకు నచ్చిన దిది.

ఇక మన సంగతి. నస్రుల్లాబాదు, ఎల్లారెడ్డి ప్రాంతపు తండాలలో తీజు పండుగ వచ్చెనా, సెల్‌ఫోను ఎత్తనివాడు లేడు. కాని మొలకల బుట్ట నెత్తిన పెట్టుకొన్న ఆ పిల్ల పేరేమి? పాటకు అర్థమేమి? సేవాలాలు భోగునాడు అగ్నిలో వేయున దేమి, ఎందులకు? ఇవి అడిగి, తెలుగులో నాలుగు పంక్తులు వ్రాసి పఠనమందిరమున నుంచిన చదువరి యెక్కడ? తండా మన గడపకు రెండు మైళ్లు. లండనుకు ఓడ యెక్కనక్కఱ లేదు గదా!

లండను చిత్రములలో కొన్ని యిప్పుడు ఇంటర్నెట్టున కనబడుచున్నవి. వాని క్రింది వివరములు ఇంగ్లీషున నున్నవి. ప్రభుత్వము మంచి ప్రతులు తెప్పించి, మార్లవాయి, ఉట్నూరు, కేస్లాపూరు మొదలగు గ్రామములలో ఊరూర చూపింపవలెను. గుర్తించిన పేర్లను గోండీలోను తెలుగులోను వ్రాయింపవలెను. నాటి బాలురు నేడు తొంబదులు దాటుచున్నారు. ఆ ముఖములను చూచి, ఇతడు మా తండ్రి, ఈమె మా మేనత్త యని చెప్పగలవా రెందఱో లేరు. కమిటీలు వేసి కాలము గడపక, వచ్చు కేస్లాపూరు నాగోబా జాతరకే ఈ పని మొదలు పెట్టవలెను.