గట్టిగా కొట్టమని చెప్పకండి



మీ ఆదివారం అనుబంధంలోని సాంకేతిక సలహాల శీర్షికలో ఓ తల్లి వేసిన ప్రశ్న, దానికి మీవాళ్లిచ్చిన జవాబు చదివాను. కొడుక్కి ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ కొనిపెట్టారట. ల్యాప్‌టాప్‌లో డ్రమ్ సాఫ్ట్‌వేర్ వేసి దానికి కలిపితే సౌండు పీలగా వస్తోందట. హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కొనండి, పిల్లాణ్ని కాస్త గట్టిగా కొట్టమనండి అన్నారు మీవాళ్లు. ఈ రెండు సలహాలూ వెనక్కి తీసుకోవాలని నా మనవి. మొదటిది చాలాసార్లు డబ్బు దండగ. రెండోది కింది ఫ్లాట్ వాళ్లకు ప్రాణసంకటం.

రెండోదే ముందు చెబుతాను, హైదరాబాద్ శివార్లలోని మా బాచుపల్లిలో దాని ఫలితం వింటూనే ఉన్నాం కాబట్టి. నిజాంపేట నుంచి మల్లంపేట దాకా ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. గచ్చిబౌలిలోనో హైటెక్ సిటీలోనో ఆఫీసు ముగించుకుని, మియాపూర్ ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. డ్రమ్స్ ముందు కూర్చునేది ఆ తర్వాతే. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం 45 డెసిబెళ్లు మించకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మామూలు డ్రమ్ సెట్టుతో అది జరిగే పని కాదు గనకే జనం మెష్ ప్యాడ్ల కిట్లు కొని హెడ్‌ఫోన్లు తగిలించుకుంటున్నారు. కానీ కిక్ పెడల్ తొక్కినప్పుడల్లా పుట్టే అదురు హెడ్‌ఫోన్లతో ఆగదు. స్టాండు కాళ్ల గుండా స్లాబులోకి దిగి కింది ఇంట్లో ధబధబమంటుంది. గట్టిగా కొట్టినకొద్దీ అదీ పెరుగుతుంది. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏం జరుగుతుందో మీ పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక సౌండు సంగతి. కిట్ నుంచి ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ తీగలో వెళ్లేది మిడి సమాచారం, అంటే ఉత్త అంకెలు. ఏ ప్యాడు మీద పడింది, ఎంత జోరుగా పడింది అన్నదే అందులో ఉంటుంది. 1983లో వచ్చిన పద్ధతి ఇది. దీనికి పూనుకున్న రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషికీ, సింథసైజర్లు తయారుచేసిన డేవ్ స్మిత్‌కూ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో, భజన బృందాల్లో, చర్చిల్లో ఆక్టోప్యాడ్ చూడనివాళ్లు తక్కువ. 1985లో వచ్చిన మొట్టమొదటి ఆక్టోప్యాడ్‌కు సొంత శబ్దమే లేదు. ఎనిమిది ప్యాడ్ల మీద పడ్డ దెబ్బల్ని అంకెలుగా పంపేది, శబ్దం పక్కనున్న మరో పెట్టెలోంచి వచ్చేది. తర్వాతి మోడళ్లలో శబ్దాలు లోపలే చేరాయనుకోండి. ఇప్పుడు ఆ పక్క పెట్టె స్థానంలో ల్యాప్‌టాప్ వచ్చి కూర్చుంది.

దెబ్బ జోరును వెలాసిటీ అంటారు. 1 నుంచి 127 దాకా ఉంటుంది. కిట్‌తో పాటు వచ్చే చిన్న పెట్టె, అంటే మాడ్యూల్ మీది వాల్యూమ్ నాబ్ దాని సొంత శబ్దాలను పెంచుతుందే తప్ప ఈ అంకెను కదిలించలేదు. ఆ నాబ్‌ను చివరికంటా తిప్పేసి పెరగట్లేదే అని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

మంచి డ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క స్నేర్ డ్రమ్‌నే మెత్తగా, ఓ మోస్తరుగా, గట్టిగా, ఇలా రకరకాల జోరుల్లో స్టూడియోలో విడివిడిగా రికార్డు చేసి పెడతారు. పెద్ద అంకె వస్తే గట్టి దెబ్బ తాలూకు రికార్డింగు, చిన్న అంకె వస్తే మెత్తని దెబ్బది పలుకుతుంది. పిల్లాడు శక్తికొద్దీ కొట్టినా కిట్ నుంచి 70 మాత్రమే వెళ్తుంటే సాఫ్ట్‌వేర్ దానికి తగ్గ మెతక స్నేర్‌నే ఇస్తుంది. గుసగుసను మైకులో ఎంత పెంచినా కేక కానట్టే, యాంప్లిఫయర్ పెట్టినా ఆ మెతకదనం పోదు.

మా బ్లాకులో ఇంటర్ చదివే ఓ అబ్బాయి కిట్ చూశాను. అమ్మిన దుకాణం వాళ్లు ఫోన్లో చెప్పిన మందు కూడా యాంప్లిఫయరే. ముందు సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉండే బీటు ఒకటి మౌస్‌తో నొక్కి ప్లే చేశాం. చెవులు గింగిర్లెత్తాయి. అంటే సాఫ్ట్‌వేర్‌లోని మిక్సర్, సౌండ్ కార్డు, హెడ్‌ఫోన్లు అన్నీ బాగున్నట్టే. తేడా కిట్ నుంచి వచ్చే అంకెలోనే ఉంది. సగం అనుమానాలు తీర్చే పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. మీ జవాబులో ఇది లేకపోవడమే నాకు వింతగా తోచింది. తర్వాత స్క్రీన్ మీద మిడి అంకెలు కనిపించే చోటు తెరిచి కొట్టమన్నాం. స్నేర్ 80 దాటడం లేదు, టామ్ డ్రమ్‌లు ఇంకా కింద. మాడ్యూల్ మెనూలో ఒక్కో ప్యాడు సెన్సిటివిటీని మెట్టుమెట్టుగా పెంచుతూ పోయాం. మణికట్టుకు శ్రమ లేకుండా గట్టిగా వేసిన దెబ్బ 120 దగ్గర, స్టిక్ ఊరికే జారవిడిస్తే 20, 30 మధ్య పడేలా ఆపాం. అంతే, స్నేర్ స్నేర్‌లా పలికింది.

ఎక్కడ ఆపాలో తెలియడం ముఖ్యం. మరీ పెంచితే మెల్లగా తాకినా 127 వెళ్తుంది, దెబ్బలన్నీ ఒకేలా మోగుతాయి. ఒక ప్యాడు కొడితే పక్కది కూడా పలకొచ్చు. సాఫ్ట్‌వేర్‌లోనూ వెలాసిటీ కర్వ్ అని ఒకటుంటుంది. చాలామంది మొదట దాని మీదే చెయ్యి వేస్తారు. కిట్ వైపు సర్దాకే దాని జోలికి వెళ్లాలంటాను. 80 లోపు వచ్చే అంకెల్ని కర్వుతో 127 దాకా సాగదీయొచ్చు గానీ, మధ్యలో మెట్లు ఖాళీ అయి దెబ్బకూ దెబ్బకూ మధ్య నాజూకు తేడాలు పోతాయి. ఇక అన్నీ బాగుండి ఒక్క ప్యాడే నీరసంగా ఉంటే మ్యాపింగ్, అంటే ఏ ప్యాడుకు ఏ శబ్దమో చెప్పే మరో అంకె చూడాలి. జనరల్ మిడి లెక్కలో స్నేర్ 38, సైడ్‌స్టిక్ 37. ఆ పక్క అంకె వెళ్తుంటే టిక్కుమని ఊరుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో మీ కిట్ మోడల్ ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

మౌస్‌తో వేసిన బీటు కూడా పీలగానే ఉంటే అప్పుడు ల్యాప్‌టాప్ వైపు వెళ్లాలి. అక్కడ మా ఐటీ ఇళ్లకే ఎక్కువగా పట్టే పీడ ఒకటుంది. టీమ్స్ లాంటి మీటింగ్ యాప్‌లలో కాల్ నడుస్తోందని అనుకుంటే విండోస్ మిగతా సౌండ్లన్నిటినీ 80 శాతం తగ్గించేలా అమరిక ఉంటుంది. సౌండ్ సెట్టింగుల్లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్‌లోకి వెళ్లి ‘డూ నథింగ్’ పెట్టాలి. విండోస్ మిక్సర్‌ను పక్కనపెట్టి పనిచేసే ఏసియో డ్రైవర్‌తో నడిచే సౌండ్ కార్డులకు మామూలుగా ఈ బెడద ఉండదు. యూట్యూబ్ పాట కన్నా తక్కువగా ఉందనేది మాత్రం ఫిర్యాదే కాదు. కిక్ డ్రమ్, క్రాష్ తాళం ఒక్కసారిగా పడితే సౌండు పగలకుండా సాఫ్ట్‌వేర్‌లో కొంత ఖాళీ ఉంచుతారు.

యాంప్లిఫయర్ ఎవరికీ అక్కర్లేదని అనను. 250 ఓముల స్టూడియో హెడ్‌ఫోన్లను నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చితే అది మోయలేదు, అక్కడ కావాలి. కానీ అంకె తక్కువైన చోట వాల్యూమ్ పెంచడం చెవులకు ప్రమాదం. స్నేర్ వినబడాలని పిల్లాడు పెంచుకుంటాడు, ఈలోగా సరైన అంకె పంపే క్రాష్ ప్యాడు మీద ఒక్కటి పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటల వినికిడికి పెద్దలకు 80, పిల్లలకు 75 డెసిబెళ్లు హద్దుగా పెట్టింది.

పిల్లల చేయి బలపడాలి గనక గట్టిగా కొట్టడం మంచిదే అనే మాస్టార్లు ఉన్నారు. వారి మీద గౌరవంతోనే అంటాను: మెల్లగా వాయించినప్పుడు తేడా వినపడితేనే మెల్లగా వాయించడం అబ్బుతుంది. పదేళ్ల పిల్ల చేయీ ముప్పై ఏళ్లవాడి చేయీ ఒకటి కావు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే సెట్టింగు మాత్రం ఇద్దరికీ ఒకటే. అందుకే అమ్మే దుకాణాల వాళ్లు బిల్లు కొట్టేముందు కిట్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, వాయించబోయే మనిషితోనే నాలుగు దెబ్బలు వేయించి, తెర మీద అంకె చూపించి, సెన్సిటివిటీ సర్ది ఇవ్వాలి. కిట్‌కు వేలకు వేలు తీసుకునేవాళ్లకు ఇది బరువేమీ కాదు. మీ పత్రిక ఈ మాట రాస్తే వాళ్లు వింటారు, మేం అడిగితే వినరు.

ఆ తల్లి ఇంకా యాంప్లిఫయర్ కొనకపోతే ముందు మౌస్‌తో ఒక బీటు వేసి చూడమనండి. కొనేసి ఉంటే, దాని నాబ్ బాగా తగ్గించి మాడ్యూల్ మెనూ తెరవమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
బాచుపల్లి.