ఒడికి చేరిన బిడ్డ బీమాకు చేరదా?

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఒక తెలుగు దంపతులు హైదరాబాద్‌లోని శిశుగృహం నుంచి రెండేళ్ల పాపను దత్తత తీసుకున్నారనుకుందాం. ఉత్తర్వు చేతికొచ్చింది. పాప తల్లి ఒడికి చేరింది. ఇక పాస్‌పోర్టు, వీసా రావాలి. సెలవు అయిపోయి తండ్రి వెనక్కి వెళ్లాడు. ఒక రాత్రి పాపకు న్యుమోనియా. తల్లి బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. బయలుదేరే ముందు కొన్న ప్రయాణ ఆరోగ్య బీమా పత్రం ఆమె సంచిలోనే ఉంది. అందులో రెండు పేర్లున్నాయి. మూడో పేరు లేదు.

ఇది మనం కల్పించుకున్న ఉదాహరణే. కానీ ఇలా జరగడానికి కావలసినవన్నీ పాలసీ నిబంధనల్లోనే ఉన్నాయి. ప్రయాణ బీమా సాధారణంగా స్వదేశం దాటి వెళ్లినవారికే వర్తిస్తుంది. తల్లిదండ్రులు ప్రయాణికులు. పాప పుట్టిన దేశం దాటలేదు కనుక ప్రయాణికురాలు కాదు. పైగా స్వదేశం అంటే నివసించే దేశమా, పాస్‌పోర్టు ఇచ్చిన దేశమా అన్నది పాలసీని బట్టి మారుతుంది. ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్న తల్లికి ఇక్కడ జబ్బుచేస్తే ఆమెకూ రక్షణ లేకపోవచ్చు.

చట్టం ఏమంటోంది? 2015 నాటి బాల న్యాయ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, దత్తత ఉత్తర్వు అమల్లోకి వచ్చిన నాటి నుంచి ఆ బిడ్డ అన్ని విషయాల్లోనూ దత్తత తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డతో సమానం. 2022 సెప్టెంబరు నుంచి ఈ ఉత్తర్వును కోర్టులకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. ఉత్తర్వుకు ముందే, దత్తత పూర్వ సంరక్షణ పేరుతో బిడ్డను అప్పగించే వీలూ ఉంది. అంటే పాలు పట్టడం, రాత్రిళ్లు మేలుకోవడం, మందులు కొనడం తల్లికి మొదటి రోజు నుంచే మొదలవుతాయి. బీమా మాత్రం ఎక్కడో తర్వాత మొదలవుతుంది. ఆ నడిమి కాలం ఎవరిది?

మన దేశంలో 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ, ఆధారపడిన పిల్లలంటే కన్నవారే కాదు, చట్టప్రకారం దత్తత తీసుకున్నవారు కూడా అని స్పష్టంగా చెప్పింది. మంచిదే. కానీ ముందునుంచీ ఉన్న జబ్బులకు 36 నెలల వరకూ ఆగమనే వెసులుబాటు ఆరోగ్య బీమా కంపెనీలకు ఇప్పటికీ ఉంది. విదేశాలకు దత్తత వెళ్తున్న మన పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. గుండెలో రంధ్రమో, గ్రహణం మొర్రో ఉందని ఇక్కడ ఎవరూ ఎంచుకోని పిల్లలూ వారిలో ఉన్నారు. అదే కారణం చూపి బీమా కూడా తలుపు వేస్తే, ఆ బిడ్డను రెండోసారి కాదన్నట్టే.

ఇది సాధ్యం కాదని కంపెనీలు అనడానికి వీల్లేదు. అమెరికాలో 1993లో చేసిన చట్టం ప్రకారం, ఉద్యోగుల గ్రూపు ఆరోగ్య పథకం పిల్లలకు రక్షణ ఇస్తుంటే, దత్తత కోసం అప్పగించిన బిడ్డకూ కన్నబిడ్డతో సమానంగా ఇవ్వాలి. దత్తత పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. పోషణ బాధ్యత చట్టబద్ధంగా స్వీకరించిన నాడే ఆ హక్కు మొదలవుతుంది. బిడ్డను పథకంలో చేర్చమని అడగడానికి 1996 చట్టం కనీసం 30 రోజుల గడువిచ్చింది. అడగకపోతే ఆ అవకాశం చేజారుతుంది. అయితే హైదరాబాద్ ఆస్పత్రి బిల్లును ఆ పథకం భరిస్తుందా, ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకోవాలా అన్నది విడిగా తేల్చుకోవాలి.

ఈ భారం ఎక్కువగా స్త్రీల మీదే పడుతోంది. వీసా ఆలస్యమైతే ఉండిపోయేది సాధారణంగా తల్లే. అమెరికాలో 1993 నాటి సెలవు చట్టం అర్హులైన ఉద్యోగులకు దత్తత కోసం 12 వారాలు సెలవిస్తుంది గాని జీతమివ్వదు. తిరుగు ప్రయాణం తేదీతో పాలసీ ముగిసిపోతే ఆమెకూ రక్షణ ఉండదు. ఒంటరి మహిళ దత్తత తీసుకుంటే సమస్య మరీ జటిలం. ఆమే డెంగీతో మంచం పడితే బిడ్డను చూసేదెవరు? బంధువొకరు వచ్చి చూసుకోవడానికి ప్రయాణ ఖర్చు ఇచ్చే పాలసీలు ఉన్నాయి. అలాంటిది ఉందో లేదో కొనే ముందే అడగాలి.

విదేశీ దత్తత అనగానే మన పాఠకులకు 1999, 2001 సంవత్సరాలు గుర్తుకొస్తాయి. లంబాడా తండాల్లో ఆడపిల్లలను కొని దత్తతల పేరుతో తరలిస్తున్నారన్న ఆరోపణలు అప్పుడు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఆ కన్నతల్లులకు జరిగిన అన్యాయాన్ని మరచిపోకూడదు. దత్తతలపై నిఘా సడలకూడదు. కానీ సక్రమంగా దత్తత అయిన బిడ్డకు వైద్యం అందకపోవడం ఆ అన్యాయానికి పరిహారం కాదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. బిడ్డను చేతికిచ్చిన రోజునుంచే బీమా వర్తించాలి. దత్తత బిడ్డ విషయంలో పాత జబ్బుల మినహాయింపు తొలగించాలి. బిడ్డ కోసం ఆగిన తల్లి పాలసీ ఆమె తిరుగు ప్రయాణం దాకా కొనసాగాలి. కారా, దత్తత సంస్థలు ఈ సంగతులన్నీ తల్లిదండ్రులకు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయాలి. అప్పటిదాకా, దత్తతకు బయలుదేరే అక్కచెల్లెళ్లు ఒక్క పని చేయండి. "బిడ్డకు ఏ రోజు నుంచి, ఏ దేశంలో, ఏ జబ్బులకు వర్తిస్తుంది?" అని కంపెనీని అడిగి జవాబు కాగితం మీద తీసుకోండి. ఏజెంటు నోటి మాట ఆస్పత్రి కౌంటరు దగ్గర చెల్లదు.

కన్నబిడ్డతో సమానమని చట్టం అన్నప్పుడు, ఆ సమానత్వం బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి కూడా పనికిరావాలి.