పలుగురాయి మిల్లుల్లో సిలికా ధూళి నివారణకు, సిలికోసిస్ బాధిత కుటుంబాల పరిహారానికి వినతిపత్రం

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ, వైద్య ఆరోగ్య శాఖల ముఖ్య కార్యదర్శుల వారికి, కర్మాగారాల శాఖ సంచాలకుల వారికి పలుగురాయి మిల్లు కార్మికుల కుటుంబాల తరఫున సమర్పించే విన్నపం.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, ముఖ్యంగా షాద్‌నగర్, జడ్చర్ల పరిసరాల్లో, పలుగురాయిని పగలగొట్టి, జల్లించి, పిండి చేసి బస్తాలకెత్తే మిల్లులు నడుస్తున్నాయి. ఈ పిండి, నూక కలిపి తయారుచేసే ర్యామింగ్ మాస్ అనే సరుకు ఇనుము, ఉక్కు కరిగించే ఇండక్షన్ కొలుముల లోపలి గోడకు పూతగా వెళ్తుంది. గాజు, పింగాణీ పరిశ్రమలకు కూడా ఈ పిండే ముడిసరుకు. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, దాదాపు కల్తీ లేని స్ఫటిక సిలికా. గ్రానైట్ కోసేచోట లేచే దుమ్ములో సిలికా ఒక భాగం మాత్రమే కాగా, పలుగురాయి మిల్లులో కార్మికుడు పీల్చే దుమ్మంతా ఇంచుమించు సిలికాయే. కాబట్టి ఈ మిల్లులను మిగిలిన రాతి పనులతో కలిపి ఒకే గాటన కట్టకుండా ప్రత్యేకంగా పరిగణించాలన్నది ఈ వినతిపత్రం మొదటి కోరిక.

కంటికి కనిపించే తెల్లటి దుమ్ము చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. అసలు ప్రాణాంతకమైనది కంటికి కనిపించని సన్నని ధూళి. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఆ రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా చేరతాయి. వాటిని మింగి బయటికి నెట్టవలసిన రక్షక కణాలు సిలికా దెబ్బకు తామే చచ్చిపోతాయి, చచ్చిన చోట వాపు, వాపు మానిన చోట గట్టి మచ్చ మిగులుతుంది, అలా మచ్చ మీద మచ్చ పడి ఊపిరితిత్తి సాగే గుణాన్ని కోల్పోతుంది. ఇదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు దాటాక బయటపడే ఈ జబ్బు దుమ్ము దట్టంగా ఉండే పిండి మిల్లుల్లో ఐదేళ్లలోపే, ఒక్కోసారి కొన్ని నెలల్లోనే ముదురుతుంది. పని మానేసినా అది ఆగదు. దీన్ని నయం చేసే మందు వైద్యశాస్త్రంలో ఇప్పటికీ లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా స్ఫటిక సిలికా కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే నిర్ధారించింది. ఆసుపత్రి చేయగలిగింది ఇంత తక్కువైనప్పుడు చేయవలసినదంతా మిల్లులోనే చేయాలి.

మిల్లులో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు బస్తా నింపే గొట్టం. కార్మికుడు ఖాళీ సంచి మూతిని రెండు చేతులా గొట్టానికి అదిమి పట్టుకుంటాడు. పిండి లోపలికి దిగుతున్నకొద్దీ సంచిలో ఉన్న గాలి బయటికి తన్నుకువస్తూ సన్నని ధూళిని నేరుగా అతని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. నిండిన సంచిని నేలకు రెండుసార్లు కుదేసినప్పుడు మరో తెర లేస్తుంది. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు నేతలోని సందులు ఆ రేణువులకన్నా ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి అది అడ్డుకునేది పెద్ద రేణువులను మాత్రమే. సాయంత్రం అదే చొక్కా, అదే లుంగీ ఇంటి గుమ్మం ముందు దులిపేది ఇల్లాలు, పక్కన ఆడుకునేది పిల్లలు.

ఈ ధూళిని పుట్టినచోటే పట్టే పద్ధతులు కొత్తవి కావు. రాయి పగిలే క్రషర్ దగ్గర నీటి తుంపర సరిపోతుంది. కొలుముకు వెళ్లే పిండి పొడిగా ఉండాలి కాబట్టి జల్లెడ దగ్గర, బస్తాల దగ్గర నీళ్లు చల్లడం కుదరదన్న మిల్లు యజమానుల మాట నిజమే. అయితే ఆ మాట దుమ్మును వదిలేయడానికి సాకు కాకూడదు. అక్కడ జల్లెడను, పిండి పైకెక్కే ఎలివేటర్‌ను పూర్తిగా కప్పి, సంచి మూతి చుట్టూ గాలిని లాగే తొడుగు అమర్చి, ఆ గాలిని గుడ్డ సంచుల వడపోత, అంటే బ్యాగ్ ఫిల్టర్ గుండా పంపితే పిండి వృథా కాదు, మనిషీ దక్కుతాడు. చీపురుతో పొడిగా ఊడ్చడాన్ని, ఒంటి మీది దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదుకోవడాన్ని నిషేధించి, పని బట్టలు మిల్లులోనే ఉతికే ఏర్పాటు, స్నానాల గది తప్పనిసరి చేయాలి. ముఖానికి సరిగ్గా అతికే మాస్కు ఈ ఏర్పాట్లన్నిటి తరువాతి రక్షణే తప్ప వాటికి బదులు కాదు. వేసవి ఎండలో రేకుల షెడ్డు కింద ఎనిమిది గంటల పాటు దాన్ని మూతికి ఉంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

గాలిలో సిలికా ఎంత ఉండవచ్చో 1987లో సవరించిన కర్మాగారాల చట్టం రెండో షెడ్యూలు ఒక లెక్క ద్వారా నిర్ణయించింది. ధూళిలోని క్వార్ట్జ్ శాతానికి రెండు కలిపి, ఆ మొత్తంతో పదిని భాగిస్తే ఘనపు మీటరు గాలిలో ఊపిరితిత్తుల లోతుకు చేరగల ధూళి ఎన్ని మిల్లీగ్రాములు మించరాదో తెలుస్తుంది. 98 శాతం క్వార్ట్జ్ ఉన్న పలుగుపిండికి ఆ హద్దు 0.1 మిల్లీగ్రాము. అమెరికా 2016లో ఇదే హద్దును 0.05కు తగ్గించింది. కొత్త వృత్తి భద్రత కోడ్ కింద తెలంగాణ చేసే నియమాల్లోనూ 0.05నే హద్దుగా పెట్టాలని, కార్మికుని కాలరుకు చిన్న పంపును తగిలించి అతను నిజంగా పీల్చే గాలిని పని వేళంతా సేకరించి కొలవాలని, ఆ ఫలితాన్ని మిల్లు గేటు దగ్గర తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి పెట్టాలని ఈ కుటుంబాలు కోరుతున్నాయి. కొలవని దుమ్ము మీద ఏ అధికారీ చర్య తీసుకోలేడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు చట్టం పరిధిలోనే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం కరెంటుతో నడిచే చోట ఇరవై మంది పనిచేస్తేనే అది కర్మాగారం. పాత కర్మాగారాల చట్టంలో ఆ సంఖ్య పది. పది పన్నెండు మందితో నడిచే మిల్లు ఈ మార్పుతో కర్మాగారాల లెక్కలోంచి తప్పుకుంటుంది. అయితే ప్రమాదకరమైన పనిగా కేంద్రం ప్రకటిస్తే ఒక్క కార్మికుడున్న చోటుకు కూడా ఆ కోడ్ వర్తింపజేసే వీలు అందులోనే ఉంది. పలుగురాయి పిండి పట్టే పనిని అలా ప్రకటించాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి వెంటనే రాయవలసి ఉంది.

ధూళిని కొలవని చోట జబ్బుకు కూడా పేరు ఉండదు. ఆయాసంతో, దగ్గుతో, చిక్కిపోయి వచ్చిన కార్మికుడిని చూడగానే క్షయ అని రాసి మందులు మొదలుపెట్టడం జరుగుతున్నది. సిలికా పట్టిన ఊపిరితిత్తికి క్షయ సులభంగా సోకుతుంది కాబట్టి కొన్నిసార్లు రెండు జబ్బులూ కలిసే ఉంటాయి, ఆ మందులు అవసరమే. కానీ తెమడ పరీక్షలో ఏమీ తేలకపోయినా, మందులు పూర్తిగా వాడినా ఆయాసం తగ్గకపోయినా, ఏం పని చేశావని ఒక్కరైనా అడగకపోవడమే ఈ కుటుంబాలను కుంగదీసిన విషయం. సిలికోసిస్ ప్రకటించదగిన జబ్బు, అంటే దాన్ని గుర్తించిన వైద్యుడు అధికారులకు రాతపూర్వకంగా తెలపడం చట్టరీత్యా విధి. ఓపీ చీటీ మీద వృత్తి, పనిచేసిన చోటు, పనిచేసిన ఏళ్లు రాసే గడి ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ నమూనా చిత్రాలతో పోల్చి ఎక్స్‌రే చదవగల వైద్యుల బోర్డును జిల్లా కేంద్రంలో ఏర్పాటు చేసి, పని మానేసిన వారికి, వలస వెళ్లిన వారికి కూడా పరీక్షలు ఉచితంగా చేయాలి.

పరిహారం మాటకొస్తే 1923 నాటి నష్టపరిహార చట్టంలో ఈ జబ్బుకు చోటు ఉండేది. అయినా మేస్త్రీ చేతి మీదుగా రోజుకూలి తీసుకున్న మనిషి పేరు మస్టర్ రోలులో లేకపోతే ఆ చట్టం అతని గడప తొక్కేది కాదు. గుజరాత్‌లోని క్వార్ట్జ్ మిల్లుల్లో పనిచేసి చనిపోయిన మధ్యప్రదేశ్ గిరిజన కార్మికులు 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2016లో గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే కేసులో 2024 ఆగస్టులో పరిహారం అమలు పర్యవేక్షణను జాతీయ మానవ హక్కుల సంఘానికి అప్పగించింది. రాజస్థాన్ 2019 విధానం కింద ధ్రువీకరణ పొందిన రోగికి 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తున్నది. రాయి తవ్వకాల మీద వసూలయ్యే జిల్లా ఖనిజ నిధిలో ఆరోగ్యానికి ప్రాధాన్యం ఉండనే ఉంది కాబట్టి తెలంగాణకు ఇలాంటి విధానం భారం కాదు. యజమాని కాగితం చూపలేని చోట తోటి కార్మికుల వాంగ్మూలం, గ్రామ పంచాయతీ ధ్రువీకరణ, ఎక్స్‌రే ఈ మూడింటినీ ఆధారంగా స్వీకరించాలి.

కావున అధికారులు ఈ ప్రాంతంలోని మిల్లులన్నిటిలో గాలిని కొలిపించి, హద్దు దాటిన చోట బ్యాగ్ ఫిల్టర్ బిగించేదాకా బస్తాల పని నిలిపివేయించి, ఆ రోజుల కూలి యజమానుల చేత ఇప్పించి, ఇప్పటికే ఆయాసంతో మంచం పట్టిన వారికి ఇంటి వద్దనే ఆక్సిజన్ యంత్రం, నెలవారీ పింఛను మంజూరు చేయవలసిందిగా ఈ కుటుంబాలు వేడుకుంటున్నాయి. ఆ మంచాల మీద ఉన్నవారు కార్యాలయాల మెట్లెక్కి అడగలేని స్థితిలో ఉన్నారు గనుక వైద్య బృందాన్నే వారి ఊళ్లకు పంపవలసిందిగా ప్రార్థన.