ప్రిష్టినాలో తిరస్కారం, డెర్రీలో మౌనం: జనరల్ జాక్సన్ మిగిల్చిన ప్రశ్న

బ్రిటన్ మాజీ సైన్యాధిపతి జనరల్ సర్ మైక్ జాక్సన్ 2024 అక్టోబరులో 80 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు, నివాళుల్లో ప్రధానంగా వినిపించినది ప్రిష్టినా విమానాశ్రయ ఉదంతం. ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరానికి మాత్రం ఆ పేరు మరో జ్ఞాపకం. రెండింటినీ కలిపి చూసినప్పుడే ఆ సైనిక జీవితం సమగ్రంగా అర్థమవుతుంది.

1999 జూన్‌లో నాటో బలగాలు కొసావో రాజధానికి చేరేలోపే, బోస్నియా నుంచి వచ్చిన దాదాపు 200 మంది రష్యా సైనికులు అక్కడి విమానాశ్రయంలో తిష్ఠ వేశారు. రన్‌వేను దిగ్బంధించాలని ఐరోపాలోని నాటో దళాల అధిపతి, అమెరికా జనరల్ వెస్లీ క్లార్క్ ఆదేశించారు. హోదాలో తనకంటే పైవాడైనా, ఆయన కోసం మూడో ప్రపంచ యుద్ధం ప్రారంభించబోనని జాక్సన్ తెగేసి చెప్పారు. లండన్ ఆయనకు అండగా నిలిచింది. సంకీర్ణ సేనల్లో పనిచేసే సేనానికి స్వదేశ ప్రభుత్వాన్ని సంప్రదించే వెసులుబాటు ఉండటమే ఆ తిరస్కారానికి బలం. విశ్వవిద్యాలయంలో రష్యా అధ్యయనాలు చదివిన ఆయన, రష్యా సేనానితో నేరుగా మాట్లాడి ఉద్రిక్తతను చల్లార్చారు.

అంతకు 27 ఏళ్ల ముందు, 1972 జనవరి 30న, డెర్రీలో పౌరహక్కుల ప్రదర్శకులపై పారాచూట్ రెజిమెంట్ జరిపిన కాల్పుల్లో 13 మంది మరణించారు. గాయపడిన మరొకరు ఆ తర్వాత కన్నుమూశారు. ఆ పటాలానికి నాడు అడ్జుటెంట్ జాక్సనే. కాల్పులను సమర్థించే రీతిలో ఉన్న వివరాల జాబితా ఆయన చేతిరాతలో ఉన్నట్లు దశాబ్దాల తర్వాత విచారణలో వెల్లడైంది. నిజాన్ని దాచేందుకు అది రాయలేదని ఆయన వాంగ్మూలమిచ్చారు. మృతుల వల్ల సైనికులకు ప్రాణాపాయమేదీ లేదని 2010లో సావిల్ నివేదిక తేల్చాక, ప్రధాని డేవిడ్ కామెరాన్ క్షమాపణ చెప్పారు. జాక్సన్ కూడా ఆయనతో గొంతు కలిపారు. బాధిత కుటుంబాలు అందుకోసం 38 ఏళ్లు నిరీక్షించాయి.

సైన్యం పడిన వేదనా ఆయనకు తెలియనిది కాదు. భారత చివరి వైస్రాయ్ మౌంట్‌బాటన్‌ను ఐఆర్ఏ హతమార్చిన 1979 ఆగస్టు 27నే, వారెన్‌పాయింట్ బాంబుదాడిలో 18 మంది సైనికులు బలయ్యారు. ఆ ఘటనాస్థలికి చేరుకున్న అధికారుల్లో ఆయన ఒకరు.

2003 ఫిబ్రవరిలో సైన్యాధిపతి పదవి చేపట్టిన రెండు నెలల్లోపే ఇరాక్ యుద్ధం ఆరంభమైంది. యుద్ధానంతర ఇరాక్ విషయంలో అమెరికా అనుసరించిన విధానాన్ని ఆయన ఘాటుగా విమర్శించారు. అయితే అది పదవీ విరమణ తర్వాతే.

పై అధికారి ఆదేశాన్ని ధిక్కరించడానికి ధైర్యం కావాలి. సొంత దళం తప్పును సకాలంలో ప్రశ్నించడానికి అంతకుమించిన ధైర్యం కావాలి. మొదటిది వ్యక్తి వివేకంపై ఆధారపడవచ్చు. రెండోదాన్ని వ్యక్తులకే వదిలేస్తే న్యాయానికి దశాబ్దాలు పడుతుందని డెర్రీ చెబుతోంది. స్వతంత్ర విచారణ వ్యవస్థ ఆవశ్యకత అక్కడే ఉంది.