చేపకు చెవి కలదు

మంజీరలో వల పన్నిన జాలరి ఏమి చేయునో కుల్చారం ప్రాంతమువారు చూచియే యుందురు. వలకు ఎదురుదిక్కున నిలిచి కర్రతో నీటిని బాదును. బెదరిన చేపలు పోయి వలలో పడును. చేప శబ్దమును వినునని మన పెద్దలెరిగిన సంగతియే. కాని అదే యేటి గట్టున ఇంజను రాత్రింబవళ్లు మ్రోగునపుడు చేప గతి యేమని మనము తలచుట లేదు.

నీటిలో శబ్దము సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. గాలిలోని వేగమునకు ఇది నాలుగు రెట్లకు పైమాట. బొచ్చె, రోహు, మ్రిగాల, వాలుగ మున్నగు చేపలలో గాలితిత్తిని లోచెవితో కలుపు చిన్న యెముకలు కలవు. కావున ఇవి పెక్కు చేపలకంటె చక్కగా వినగలవు.

చక్కగా విను చెవికే దెబ్బ యెక్కువ. 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు, బొచ్చె కుటుంబమునకే చెందిన గోల్డుఫిష్ అను చేపలను పెద్ద రొదలో ఉంచగా 10 నిమిషములకే వినికిడి తగ్గెను. 3 వారములు ఆ రొదలో ఉన్నవి తేరుకొనుటకు 2 వారములు పట్టెను. 2006లో ఆస్ట్రియాలో ఓడల రొద వినిపించిన కార్పు చేపల ఒంటిలో, బెదురునపుడు ఊరు కార్టిసాల్ అను రసము పెరిగెను.

ఎండకాలమున ఏరు సన్నగిల్లగా తల్లిచేపలు మడుగులను ఆశ్రయించును. మన మోటార్లును ఆ మడుగులకే చేరును. చిక్కంతయు ఇచటనే యున్నది.

"పైరు ఎండుచుండగా చేపమాట యేల?" అని మీరనవచ్చును. మోటారు ఆపుడని నేననుట లేదు. ఇంజనును రాతిబండపై గాక, వీలైనంత ఎడముగా, మట్టినేలపై రబ్బరు దిమ్మల మీద నిలుపుడు. పీల్చు గొట్టము నడుమ గట్టి రబ్బరు గొట్టపు తునక అతుకుడు. అదురు నీటికి చేరుట తగ్గును. ఊరికొక లోతు మడుగునైనను యంత్రము పెట్టక విడువుడు. వరదతో చేపలు గ్రుడ్లు పెట్టు వానకాలపు నెలలలో ఇసుక త్రవ్వు యంత్రములను, బండలు పేల్చుటను ఏటికి దూరముగా నుంచవలెనని పంచాయతీలో తీర్మానింపుడు. తూటాలతో చేపలు పట్టుట చట్టవిరుద్ధము. ఆ ప్రేలుడు గాలితిత్తులను చీల్చి పిల్లచేపలను సైతము చంపును.

1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట నీటితో పొలము పండించుకొను మనకు, అదే నీటిపై బ్రతుకు జాలరి పరాయివాడు కాడు. మురుగునీరు కంటికి కనబడును, ముక్కునకు తగులును. నీటిలోని రొద గట్టుమీది మనకు వినబడదు. వినబడనిదానిని గూర్చి మనమే ముందుగా జాగ్రత్త పడవలెను.