ఆత్రేయపురం పందులకు టీకా వేయించాలి

మోకాలి నొప్పికో, పడిన దెబ్బకో తీసిన ఎక్స్‌రేలో ఒక్కోసారి తొడ కండల నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లని మచ్చలు కనిపిస్తాయి. అవి పంది బద్దెపురుగు పిల్లలు కట్టిన తిత్తులు, చచ్చి గట్టిపడినవి. కండలో ఉన్నంతవరకు చాలామందికి బాధే తెలియదు. మెదడులో కట్టాయంటే మాత్రం మూర్ఛ పట్టుకోవచ్చు. 1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ అనే బ్రిటిష్ వైద్యులు ఈ తిత్తులున్న 450 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో ఎక్కువమంది మన దేశంలో కొలువు చేసి వెళ్లిన సైనికులే.

పందిమాంసం తినని ఇంటికి ఈ బెడద రాదన్న ధీమా ప్రమాదకరం. తిత్తులున్న మాంసం సరిగా ఉడక్కుండా తింటే పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. కండల్లో తిత్తులు కట్టేది ఆ పురుగు గుడ్లు మింగినప్పుడు. పురుగున్న మనిషి మలంతో బయటపడే ఆ గుడ్లు కడగని చేతులతో, నీళ్లతో, పచ్చికూరలతో శాకాహారి కడుపులోకీ చేరతాయి. న్యూయార్క్‌లో పందిమాంసం ముట్టని యూదుల్లో నలుగురికి ఇలాగే మూర్ఛలు వచ్చాయని 1992లో వైద్యులు ప్రకటించారు. వాళ్ల ఇళ్లలో పనిచేసేవారిని పరీక్షిస్తే ఒకరి పేగుల్లో బద్దెపురుగు బయటపడింది.

పందికి జబ్బు అంటించేదీ మనిషి మలమే. అందుకే పెంపకందార్ల మీద విరుచుకుపడి పందులను ఊరవతలకు తరిమితే ఒరిగేదేమీ లేదు. పేదల కూడు పోతుంది, పురుగు ఉంటుంది.

పెరూలోని టుంబెస్ ప్రాంతం దారి చూపింది. అక్కడ మనుషులకు మాత్రలు, పందులకు మందూ టీకా కలిపి ఇస్తే 107 పల్లెల్లో 105 చోట్ల వ్యాప్తి ఆగింది. అలాంటి టీకానే సిస్వాక్స్ పేరుతో హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ తయారుచేస్తోంది. హైదరాబాద్ టీకా కోనసీమలోని మన ఆత్రేయపురం పందికి అందకపోవడానికి కారణమేమీ ఉండకూడదు.

పశుసంవర్ధక శాఖ ఆత్రేయపురం మండలంలోని ప్రతి పందికీ ఈ టీకాను, ఆక్స్‌ఫెండజోల్ మందును ఉచితంగా ఇవ్వాలి. మూర్ఛ రోగి ఉన్న ఇంట్లో అందరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మలపరీక్ష చేయాలి. పురుగున్నవారికి వైద్యుడి సలహాతో నిక్లోసమైడ్ ఇవ్వాలి. బడిపిల్లలు మింగే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర ఈ పురుగుకు చాలదు. మండలంలోని వాడపల్లి వెంకన్న దర్శనానికి శనివారాల్లో వచ్చే జనానికి మరుగుదొడ్లు, నీళ్లు, సబ్బు ఉండాలి. చేతులతో చేసే పూతరేకుల మీద పేరు తెచ్చుకున్న ఆత్రేయపురానికి చేతుల శుభ్రత ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు.

వచ్చే గ్రామసభలోనే ఈ కోర్కెలను తీర్మానంగా ఆమోదించి, పందుల పెంపకందార్ల సంతకాలతో సహా జిల్లా కలెక్టర్‌కు పంపాలి.